పిలుపు సరే, ఇంటి సంగతి?

బ్రదర్, నైట్ షిఫ్ట్ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు, వీటికి తోడు మన లేటర్-డే సెయింట్స్ చర్చిలో ఎల్డర్స్ కోరం ప్రెసిడెంట్‌గా (స్థానిక సంఘంలోని వయోజన పురుషుల బృందానికి నాయకుడిగా) పిలుపు, అంటే జీతం లేని సేవా బాధ్యత. ఆదివారం వస్తే ఇంట్లో గొడవే అన్నారు. హైదరాబాద్‌లో నేనూ ఆ బాధ్యత మోసినవాడినే. మన వార్డుల్లో (స్థానిక సంఘాల్లో) జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు కాబట్టి పనంతా మనలాంటి ఉద్యోగస్తుల మీదే పడుతుంది.

ఇద్దరు కౌన్సిలర్లను (సహాయకులను) పేరుకే పెట్టుకుని అన్నీ నేనే చూసుకునేవాణ్ని. ఓ ఆదివారం ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. అన్నం చల్లారిపోయింది, మా ఆవిడ పలకలేదు. మర్నాడే మేం చూసుకోవాల్సిన కుటుంబాల జాబితాను ముగ్గురం పంచుకున్నాం. 2018లో హోమ్ టీచింగ్ (నెలనెలా సభ్యుల ఇళ్లకు వెళ్లి బోధించడం) పోయి మినిస్టరింగ్ (అవసరాన్ని బట్టి వాళ్ల బాగోగులు చూసుకోవడం) వచ్చాక నెలనెలా ఇంటికి వెళ్లి తీరాలనే లెక్క లేదు, ఫోన్ చేసినా సరిపోతుంది (ఒంట్లో బాగాలేనివాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లండి). 2019 నుంచి ఆదివారం సమావేశాలు రెండు గంటలే కదా! రోజంతా తినేసేవి ఆ తర్వాత పెట్టుకునే మీటింగులు. వాటిని వాట్సాప్ కాల్‌కి మార్చండి. హోమ్ ఈవెనింగ్ (కుటుంబమంతా కలిసి ప్రార్థనకు, కబుర్లకు కేటాయించే సాయంత్రం) సోమవారమే కానక్కర్లేదు, మీ వీక్లీ ఆఫ్ రోజున పెట్టుకోండి.

అప్పటికీ కుదరకపోతే స్టేక్ ప్రెసిడెంట్‌కి (కొన్ని వార్డులకు పైన ఉండే నాయకుడికి) షిఫ్టు టైమింగ్స్‌తో సహా చెప్పేయండి. పిలుపు నుంచి విడుదల అడగడం తప్పేమీ కాదు. వెళ్లేటప్పుడు సిస్టర్‌ని (మీ ఆవిడని) కూడా తీసుకెళ్లండి, ఆవిడ చెప్పేది ఆయన నేరుగా వినాలి.