మూడే ఛానళ్లతో సాయంత్రాలు విసుగ్గా ఉండేవి కాదా? 1970ల చివర్లో బ్రిటన్ టీవీ

ఆ రోజుల్లో బ్రిటన్‌లో సాయంత్రం పూట టీవీలో ఏమొచ్చేదో, మూడు ఛానళ్లతో జనం ఎలా సరిపెట్టుకునేవారో అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పమని అడిగారు. నాన్న ఆస్పత్రిలో డాక్టరు, మాంచెస్టర్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం, నేనప్పుడు బడికెళ్లే పిల్లని. విసుగు మాత్రం ఎప్పుడూ రాలేదు. అలాంటి సాయంత్రాలు మళ్లీ రావన్న బాధ ఇప్పటికీ ఉంది.

ముందు ఆ మూడూ ఏవో చెప్తాను: బీబీసీ1, బీబీసీ2, ఐటీవీ. నాలుగోది 1982 నవంబరులో గానీ రాలేదు. ఐటీవీ అంటే దేశమంతటికీ ఒకే కంపెనీ కాదు, ప్రాంతానికొకటి. మాకు గ్రనాడా, కొండలు దాటి లీడ్స్ వైపు వెళ్తే యార్క్‌షైర్ టెలివిజన్, లండన్‌లో అయితే మామూలు రోజుల్లో థేమ్స్, శుక్రవారం సాయంత్రం నుంచి లండన్ వీకెండ్. ఏ రోజు ఏముందో తెలియాలంటే పత్రికలు కూడా రెండు కొనాలి, ఎందుకంటే బీబీసీ పట్టిక 'రేడియో టైమ్స్'లోనే ఉండేది, ఐటీవీది 'టీవీ టైమ్స్'లోనే, ఒకరి కార్యక్రమాలు ఇంకొకరు వేసేవారు కాదు.

మా వీధిలో చాలామంది టీవీని నెల అద్దెకు తెచ్చుకునేవారు, చెడిపోతే షాపువాళ్లే వచ్చి బాగుచేస్తారు కదా అని. టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఏటా కట్టాల్సిన లైసెన్సు ఫీజు 1978 నవంబరు నుంచి కలర్‌కి 25 పౌండ్లు, బ్లాక్ అండ్ వైట్‌కి 10. మాది బ్లాక్ అండ్ వైటే. నాన్నకి బీబీసీ2లో వచ్చే 'పాట్ బ్లాక్' అనే స్నూకర్ పోటీ అంటే ప్రాణం. అసలు ఆ కార్యక్రమం పెట్టిందే కలర్ టీవీ గొప్ప చూపించడానికి, మా తెర మీదేమో బంతులన్నీ బూడిద రంగే, కామెంటరీని బట్టి ఏది ఏదో పోల్చుకోవాలి. అయినా నాన్న ఒక్క వారం కూడా వదిలేవారు కాదు.

నాకు బాగా ఇష్టమైన రోజు గురువారం. ఐదు గంటల ప్రాంతంలో బీబీసీ1లో జాన్ క్రేవన్ 'న్యూస్‌రౌండ్' వచ్చేది, పిల్లల కోసమే అయినా అసలైన వార్తలు, తేలిక మాటల్లో, మమ్మల్ని చిన్నచూపు చూడకుండా చెప్పేవాడు. దాని వెనకే 'బ్లూ పీటర్', అట్టపెట్టెలతో, ఖాళీ సీసాలతో ఏదో ఒకటి చేసి చూపించేవారు. 5:40కి పెద్దల వార్తలు, ఆ తర్వాత 'నేషన్‌వైడ్'. ఇందులో ముందు ఎక్కడి ప్రాంతానికి అక్కడి వార్తలు, తర్వాత దేశమంతా కలిపి. సమ్మెల గురించీ ధరల గురించీ గట్టిగా మాట్లాడుకునే ఆ కార్యక్రమంలోనే 1978లో స్కేట్‌బోర్డు ఎక్కిన బాతుని కూడా చూపించారు, అది చూసినవాళ్లెవరూ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటికి బీబీసీ2 పెట్టి చూస్తే ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు నడుస్తుండేవి, నల్లబల్ల ముందు నిలబడి ఎవరో లెక్చరర్ సమీకరణాలు వివరిస్తుండేవారు.

ఏడు గంటల ప్రాంతంలో 'టుమారోస్ వరల్డ్'. మైకేల్ రాడ్, జూడిత్ హాన్, విలియం వులార్డ్ కొత్త కొత్త యంత్రాల్ని స్టూడియోలో అక్కడికక్కడే నడిపి చూపించేవారు. లైవ్ కాబట్టి ఒక్కోసారి ఆ యంత్రం మొరాయించేది, వాళ్లు ఏమాత్రం తడబడకుండా తర్వాతి అంశానికి వెళ్లిపోయేవారు. అది అవగానే పాప్ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్', అందులో ఏబీబీఏ (ABBA), బోనీ ఎమ్, బ్లాండీ లాంటి బృందాలు. మా అన్నయ్య పాటల కోసం ముందే వచ్చి కూర్చుని సైన్సు మొత్తం చూసేవాడు, సైన్సు కోసం కూర్చున్న నాన్న అలాగే ఉండిపోయి పాటలు వినేవారు. మా టీవీకి రిమోట్ లేదు, లేచి వెళ్లి బటన్ నొక్కాలి, నొక్కినా ఇంకో రెండే ఉన్నాయి. అలా మనం కోరుకోనిది కూడా కళ్ల ముందుకి వచ్చేది. అన్నయ్య తర్వాత ఇంజనీరయ్యాడు, ఆ గురువారాల వల్లేనని తనే అంటాడు. ఇప్పుడు నా ఫోను నాకు నచ్చినవే ఏరి చూపిస్తుంటే పోయిందేమిటో నాకు బాగా తెలుస్తోంది.

తొమ్మిదింటికి బీబీసీ1 వార్తలు, చాలాసార్లు ఏంజెలా రిపన్ చదివేది. 1976 క్రిస్మస్‌కి మోర్కమ్ అండ్ వైజ్ అనే హాస్య జంట షోలో ఆవిడ వార్తల డెస్కు వెనక నుంచి లేచొచ్చి డాన్సు చేస్తే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. తొమ్మిది దాటితే పిల్లలు చూడకూడనివి రావచ్చని ఒక నియమం ఉండేది, మా ఇంట్లో దాన్ని అమ్మ ఖచ్చితంగా పాటించేది. సెలవు రోజుల్లో ఎప్పుడైనా మెలకువగా ఉంటే అర్ధరాత్రి దగ్గర్లో బీబీసీ1 మూసెయ్యడం చూసేవాళ్లం. జాతీయగీతం వేసి, టీవీ ఆపడం మర్చిపోకండని చెప్పి వెళ్లిపోయేవారు.

అమ్మకి సోమ, బుధవారాలు ముఖ్యం. రాత్రి ఏడున్నరకి ఐటీవీలో 'కరోనేషన్ స్ట్రీట్'. మాంచెస్టర్‌లో తీసేవారు, అందులో వరస ఇటుక ఇళ్లు అచ్చం మా వీధిలాగే ఉండేవి, పక్కింటావిడ మాట్లాడే యాస అమ్మకి పట్టుబడింది ఆ సీరియల్ వల్లే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆదివారం పొద్దున బీబీసీలో 'నయీ జిందగీ నయా జీవన్' వచ్చేది, బర్మింగ్‌హామ్‌లోని పెబుల్ మిల్ స్టూడియోలో తీసేవారు. హిందుస్తానీలో ఉండేది, అమ్మకి అందులో సగం అర్థమయ్యేది కాదు, అయినా చీర కట్టుకున్న మనిషి తెర మీద కనిపించే చోటు దాదాపు అదొక్కటే కాబట్టి పనులు ఆపుకుని చూసేది. సాయంత్రాల్లో మాత్రం మన ముఖాలు కనబడితే అది నవ్వించడానికే. 1977లో ఐటీవీలో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' ఇంగ్లీషు నేర్చుకోవడానికి సాయంత్రం క్లాసుకొచ్చే విదేశీయుల కథ, ఇండియావాళ్లు, పాకిస్తానీ కూడా ఉండేవారు. చాలామంది ఇష్టపడ్డారు, మేమూ నవ్వాం. కానీ మనుషుల్ని వాళ్ల యాసకీ తలపాగాకీ కుదించడం తప్పు, ఆ మాట నేను గట్టిగానే అంటాను. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని పాడే షో ఒకటి 1978 దాకా బీబీసీలో నడిచింది కూడా. అదే ఏడాది మైఖేల్ అబెన్‌సెట్స్ రాసిన 'ఎంపైర్ రోడ్' బీబీసీ2లో మొదలైంది, బర్మింగ్‌హామ్‌లో వెస్టిండియన్లూ ఆసియావాళ్లూ ఉండే ఒక వీధి కథ, ఎవరినీ వెక్కిరించకుండా మామూలు మనుషుల్లా చూపించింది. దొరికితే అది తప్పక చూడండి.

1979 ఆగస్టులో ఐటీవీలో సమ్మె వచ్చింది, 10వ తేదీ నుంచి అక్టోబరు 24 దాకా. ఛానల్ దీవుల్లో తప్ప అంతటా బొమ్మ లేదు, క్షమించమని రాసిన ఒక అట్ట మాత్రం కనిపించేది. ఉన్న మూడింట్లో ఒకటి పోవడంతో జనమంతా బీబీసీ వైపు తిరిగారు. ఆ అక్టోబరులో టామ్ బేకర్ నటించిన బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో ఒక కథ చివరి భాగాన్ని కోటి 60 లక్షల మందికి పైగా చూశారు. అమ్మకి మాత్రం అవి బాగా కష్టమైన వారాలు. ఐటీవీ తిరిగొచ్చింది బుధవారం నాడు, అంటే సరిగ్గా తన సీరియల్ రోజు, వంట ఐదున్నరకే ముగించి కూర్చుంది.

మీరే ఏదైనా ఒక సాయంత్రం మొత్తం చూడాలనుకుంటే బీబీసీ జీనోమ్ అనే సైటులో 1923 నుంచి 2009 దాకా రేడియో టైమ్స్ పట్టికలున్నాయి, తేదీ కొడితే ఆ రోజు కార్యక్రమాలన్నీ టైముతో సహా వస్తాయి. 1978లో ఏదైనా గురువారం తీసి వరసగా చదవండి. ఐటీవీవి మాత్రం అందులో దొరకవు, రెండు పత్రికల గొడవ 1991 దాకా అలాగే ఉంది కాబట్టి వాటికి పాత టీవీ టైమ్స్ సంచికలే వెతుక్కోవాలి.