తరంగంబాడి వెళ్తున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

స్కూలు పిల్లల్ని తమిళనాడు తీరంలో ఉన్న తరంగంబాడిలోని డాన్స్‌బోర్గ్ కోటకి తీసుకెళ్తున్నావట, ఏం చెప్పాలో రాయమన్నావు. యుద్ధాల కథలతో మొదలుపెట్టకు. ఆ కోట కట్టిన డెన్మార్క్ వాళ్లు వచ్చింది మిరియాల కోసం. అది కోట వేషం కట్టిన గోదాము. కాబట్టి పిల్లలు గబగబా మెట్లెక్కేసేలోపే కింది గదుల్లోకి మళ్లించు. సరుకులు, సైనికులు, ఖైదీలు అందరూ కిందే. గవర్నరు, మతగురువు పైన. ఏ గది దేనికో ముందు వాళ్లనే ఊహించనీ.

ఓవె గెడ్డె అనే డేనిష్ నౌకాధిపతి సింహళంలో స్థావరం కోసం బయల్దేరి, అక్కడ పని కుదరక 1620లో ఇటు వచ్చాడు. చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు కదా, మన పిల్లలకి ఆ సంగతి తప్పకుండా చెప్పు. కోట బలంతో లాక్కున్నది కాదు, ఒప్పందం మీద కట్టుకున్నది.

నేనైతే ఎక్కువ సేపు చెప్పేది తర్వాతి కథ. వాళ్ల దేశంలో యుద్ధాలు, డబ్బు లేదు. దాదాపు మూడు దశాబ్దాలు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడా రాలేదు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి ఎస్కిల్ కోంగ్స్‌బాకె అనే మామూలు మనిషి కోటకి పెద్దయ్యాడు. బెంగాల్ ఓడల్ని పట్టుకుని, ఆ సొమ్ముతో కోటని నిలబెట్టాడు. దోపిడీ అనే చెప్పు, మెత్తబరచకు. 1669లో ఓడ వచ్చేసరికి జెండా ఇంకా ఎగురుతూనే ఉంది! పిల్లలు ప్రశ్నలు కురిపించేది ఇక్కడే. టెన్షన్ పడకు, తెలియనివి రాసుకుని తర్వాత చెప్పొచ్చు.

1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. తర్వాత చాలాకాలం ప్రయాణికుల బంగళాగా వాడారు. ఇప్పుడు తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం. ఇదంతా రెండు ముక్కల్లో చాలు.

బయటికొచ్చాక దగ్గర్లోనే మాసిలామణినాథర్ గుడి చూపించు. పాండ్యుల కాలం నాటిది, కోటకన్నా మూడు వందల ఏళ్లు పెద్దది. దాంట్లో చాలా భాగం సముద్రం తినేసింది. రాళ్ల మీదకి పిల్లల్ని ఎక్కనివ్వకు, అలలు ఉన్నట్టుండి పైకొస్తాయి.

పొద్దున్నే చేరేలా చూసుకో, మధ్యాహ్నం కోట ముందు మైదానంలో నీడ దొరకదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, రోజు ఖాయం చేసుకునే ముందు ఫోన్ చేసి కనుక్కో.

మీ పెదనాన్న