పాఠకుల ప్రశ్నలు: ధర పెరిగిన తోట, చెల్లెలి వాటా

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. భోగాపురం దగ్గర మా నాన్నగారి పేరున ఎకరం ఎనభై సెంట్ల జీడితోట ఉంది. ఆయన వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. అమ్మ, అన్నయ్య, నేను, పాలకొండ వైపు ఇచ్చిన చెల్లెలు ఉన్నాము. విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి బ్రోకర్లు వచ్చి పోతున్నారు. పెళ్లిలో కట్నం, బంగారం, సారె అన్నీ పెట్టాము గనుక చెల్లెలికి ఇంకేమీ రాదని, ఒక పట్టుచీర, కొంత డబ్బు ఇచ్చి సంతకం పెట్టించుకుందామని అన్నయ్య అంటున్నాడు. నా వాటా డబ్బుకు అప్పు కలిపి ప్లాట్లు కొనాలని నాకు ఉంది. ధర పెరగడం దేవుని ఆశీర్వాదమని, దశమభాగం ముందే ప్రతిష్ఠించుకోమని ఒక సేవకుడు చెప్పారు. ఇంకా సంపాదించాలనుకోవడం లోభమవుతుందా?
— ఒక పాఠకుడు, భోగాపురం మండలం

జవాబు: సంపాదించడమే పాపమని బైబిలు ఎక్కడా చెప్పదు. అబ్రాహాముకు మందలు, వెండి బంగారాలు ఉండేవి; ఫిలిప్పీలో పౌలును ఇంట చేర్చుకున్న లూదియ ఊదారంగు పొడి అమ్మే వ్యాపారి. మీ ఉత్తరంలో ప్లాట్ల సంగతి కంటే ఆ సంతకం సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

లూకా సువార్త 12వ అధ్యాయంలో మీ ఇంటి తగాదా వంటిదే యేసుప్రభువు ముందుకు వచ్చింది. పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని నా సహోదరునితో చెప్పండని ఒకడు ఆయనను అడిగాడు. పంచిపెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు గాని, "మీరు ఏవిధమైన లోభమునకు ఎడమియ్యక జాగ్రత్తపడుడి" అని హెచ్చరించాడు. అడిగినవాని పక్షాన న్యాయమే ఉండవచ్చు. అయినా ఆ మాట అతనికీ, వాటా ఇవ్వని సహోదరునికీ, చుట్టూ నిలబడి వింటున్న జనానికీ కలిపి చెప్పినదే. ఆ వెంటనే ధనవంతుని ఉపమానం వస్తుంది. అతడు దొంగతనం చేశాడని గాని, కూలి ఎగ్గొట్టాడని గాని అందులో లేదు. భూమి బాగా పండింది, పండినది ఎక్కడ పెట్టాలన్నదే అతని చింత. ధాన్యపు కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తానని తనలో తాను చెప్పుకున్న ఆ ఆలోచన అంతటిలో పంట కోసినవారు లేరు, పొరుగువారు లేరు, ఇంటివారు కూడా లేరు. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బసిలు ఈ ఉపమానం మీదనే ప్రసంగిస్తూ, కొట్లు కావాలంటే పేదల ఇళ్లు ఉన్నాయి గదా అన్న భావంతో ధనవంతులను నిలదీశాడు.

2023 మే నెలలో విమానాశ్రయానికి మళ్లీ శంకుస్థాపన జరిగి పనులు సాగాక మీ తోటకు వచ్చిన ధరలో మీ చెమట గాని మీ అన్నగారి చెమట గాని లేదు. ఆ రన్‌వే కోసం ఇళ్లూ పొలాలూ వదిలి పునరావాస కాలనీలకు వెళ్లిన కుటుంబాలు మీ మండలంలోనే ఉన్నాయి. ఎవరూ కష్టపడకుండా పెరిగిన ఆ విలువను ప్రభువు అన్నదమ్ములకే ఇచ్చాడని, చెల్లెలికి ఇవ్వలేదని ఏ వాక్యం పట్టుకుని చెప్పగలం? యోబు తన ముగ్గురు కుమార్తెలకూ వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చాడని బైబిల్లోని యోబు గ్రంథం చివరి అధ్యాయంలో స్పష్టంగా ఉంది.

దేశ చట్టమూ ఇదే చెబుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలినది కొడుకు, కూతురు అనే తేడా లేకుండా పిల్లలందరికీ సమానంగా చెందుతుంది. అంటే మీ 180 సెంట్లలో అమ్మగారికి 60, మీ ముగ్గురికీ తలా 40 సెంట్లు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరమే. అలా అత్తవారికి ముట్టిన సొమ్మును ఇప్పుడు ఆమె వాటా కింద జమకట్టడం ఏ విధంగానూ చెల్లదు. ఇన్ని సంగతులు రాసిన మీరు అమ్మగారి వాటా గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అది నాకు బాధ కలిగించింది.

చెల్లెలిని పుట్టింటికి పిలిపించండి. అమ్మగారి ఎదుట, బ్రోకరు చెప్పిన ధర ఎంతో, అందులో నలభై సెంట్లకు ఎంత వస్తుందో దాచకుండా చెప్పండి. అంతా తెలిసి, అడగకుండానే ఆమె వదులుకుంటే అది ఆమె ప్రేమ. తెలియనివ్వకుండా చీర చేతిలో పెట్టి వేలిముద్రో సంతకమో తీసుకుంటే మాత్రం అది మోసమే.

దశమభాగం గురించి అడిగారు. దశమభాగం తెమ్మని చెప్పే మలాకీ గ్రంథం 3వ అధ్యాయం 10వ వచనం మన సంఘాల్లో తరచుగా వినిపిస్తుంది గాని, అదే అధ్యాయం 5వ వచనంలో కూలివారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద దేవుడు తానే సాక్షిగా వస్తానన్నాడు. మీ అమ్మగారు విధవరాలు, మీ చెల్లెలు తండ్రిలేనిది. వారి వాటాలు వారికి చేరకముందు ఆ సొమ్ములో నుంచి తీసిన కానుకను నేనైతే సంఘంలో స్వీకరించను. ఇక ప్లాట్లంటారా, మీ నలభై సెంట్ల డబ్బుతో, ఈసీ (ఆ భూమి మీద తాకట్టులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీయించి చూసుకుని కొనండి. రేపటి ధర మీద ఆశతో ఈరోజు అప్పు చేయవద్దు.

ప్రశ్న: నేను పలాసలో జీడిపప్పు బట్టీలో పని చేస్తాను. పాప చదువు కోసం నెలనెలా చీటీ కడుతున్నాను. రేపటి గురించి చింతించకూడదని యేసుప్రభువు చెప్పినప్పుడు ఇలా దాచడం తప్పా?
— ఒక సోదరి, పలాస

జవాబు: తప్పు కాదమ్మా. పిల్లలు తలిదండ్రుల కోసం కాదు, తలిదండ్రులే పిల్లల కోసం కూర్చాలని పౌలు కొరింథీయులకు రాశాడు. వేడి జీడిగింజలు ఒలిచి వేళ్లు నల్లబడిన మీరు బిడ్డ కోసం దాచేదాన్ని లోభమని ఎవరన్నా నమ్మవద్దు. మీరు చీటీ కట్టేది రిజిస్టరు అయిన సంస్థలోనో కాదో మాత్రం కనుక్కోండి. పాపకు పదేళ్లు నిండకపోతే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా అది నడుస్తుంది.