సెమినోల్‌లను కాపాడింది చిత్తడి నేలలేనా?

"ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ అమెరికా సైన్యాన్ని అన్నేళ్లు ఎలా తట్టుకుంది? ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలే కారణమా?" అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఫ్లోరిడాలోనే, టాంపాలో ఉంటున్నాను. ఆ చిత్తడి నేలల సమాధానం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ సమాధానంలో మొసళ్లు, దోమలు, బురద ఉంటాయి, మనుషులే కనపడరు.

అసలు సెమినోల్‌లు చిత్తడి నేలల్లో పుట్టి పెరిగినవాళ్లు కారు. ఉత్తర ఫ్లోరిడాలో మంచి పొలాలు, పశువుల మందలు ఉన్న జనం. 1823లో ఒప్పందం పేరుతో వాళ్లని రాష్ట్రం మధ్యకి తోసేశారు. 1830లో ఆదివాసుల తరలింపు చట్టం వచ్చింది, 1832లో ఇంకో ఒప్పందం రాయించుకుని మిసిసిపీ నది అవతలికి పొమ్మన్నారు. 1835లో మొదలైన రెండో సెమినోల్ యుద్ధం వెంటబడి తరిమితే దక్షిణాన నీళ్లలోకి వెళ్లారు. ఆ నేలలో ఎక్కడ పంట వేయాలో, కూంటీ దుంపలోని విషం కడిగేసి పిండి ఎలా చేయాలో తెలిసినవాళ్లు ఉండబట్టే బతికారు. సైన్యానికీ అదే నేల కదా. దాదాపు 1500 మంది సైనికులు పోయారు, అందులో ఎక్కువమంది జ్వరాలతోనే. మరి నేల ఒక్కళ్లకే సాయం చేసిందా?

నన్నడిగితే వాళ్లు నిలబడింది ఒకరినొకరు అప్పగించకుండా ఉన్నంతకాలం. జార్జియా, కరోలినా తోటల నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలకు సెమినోల్‌లు చోటిచ్చారు. ఆ నల్లవాళ్లు పక్కనే సొంత ఊళ్లు కట్టుకున్నారు, పంటలో కొంత భాగం సెమినోల్‌లకు ఇచ్చేవారు, యుద్ధంలో తుపాకీ పట్టారు, దుబాసీలుగా పనిచేశారు. తోటల యజమానులకు కావలసింది భూమి ఒక్కటే కాదు, ఈ మనుషులు కూడా. ఫ్లోరిడాలో అమెరికా సైన్యాన్ని నడిపిన జనరల్ జెసప్ 1836లోనే ఇది ఇండియన్ల (అంటే అమెరికా ఆదివాసుల) యుద్ధం కాదు, నీగ్రోల యుద్ధం అని పైవాళ్లకు రాశాడు. ఈ సంగతి వదిలేసి సెమినోల్ యుద్ధాల గురించి రాసేవాళ్లంటే నాకు నమ్మకం లేదు.

1837లో ఏమయిందో చూడండి. ఆ మార్చిలో సెమినోల్ పెద్దలు కొందరు వెళ్లిపోవడానికి ఒప్పుకున్నారు. తమతో ఉన్న నల్లవాళ్లు కూడా తమతోనే వస్తారనేది షరతు. జెసప్ సరేనన్నాడు. ఇప్పుడు మా డౌన్‌టౌన్‌లో కన్వెన్షన్ సెంటర్ ఉన్న ఆ చుట్టుపక్కలే అప్పట్లో ఫోర్ట్ బ్రూక్ ఉండేది. దాని దగ్గర శిబిరంలోకి దాదాపు 700 మంది వచ్చి కూర్చున్నారు. బేలో ఓడలు సిద్ధంగా ఉన్నాయి. యుద్ధం అయిపోయిందని జెసప్ నమ్మాడు. ఈలోపు బానిసల యజమానులు వచ్చి మా మనుషులు మాకు కావాలన్నారు, జెసప్ మెత్తబడ్డాడు. ఆ వార్త శిబిరంలోకి పాకింది. జూన్ 2 రాత్రి, తరలింపుకి ఒప్పుకోని సెమినోల్ నాయకులు ఓసియోలా, అబియాకా ఓ రెండు వందల మంది యోధులతో వచ్చారు. తెల్లారేసరికి శిబిరం ఖాళీ. యుద్ధం ఇంకో ఐదేళ్లు సాగింది.

ఆ బంధం సంగతి జెసప్‌కి బాగా అర్థమైంది. అందుకే 1838లో, సెమినోల్‌లను వదిలి వచ్చే నల్లవాళ్లకు స్వేచ్ఛ ఇస్తానన్నాడు. చాలామంది వెళ్లారు. వాళ్లని నేను తప్పు పట్టను, తుపాకీ మోత మధ్య పిల్లల్ని పెట్టుకుని ఎన్నేళ్లు ఉంటారు? కానీ యుద్ధం బలం తగ్గింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

ఇక ఓసియోలా. ఇక్కడ నాలుగో తరగతిలో పిల్లలకు ఫ్లోరిడా చరిత్ర ఉంటుంది. మా అమ్మాయి ప్రాజెక్టుకి ఇచ్చిన కాగితంలో సెమినోల్‌ల గురించి రెండే ముక్కలు: ఓసియోలా వీరుడు, తర్వాత వాళ్లు ఓక్లహోమా వెళ్లారు. వెళ్లారట! సామాను సర్దుకుని ఇల్లు మారినట్టు. 1837 అక్టోబరులో సెయింట్ అగస్టీన్ దగ్గర, తెల్లజెండా కింద మాటలకు వచ్చిన మనిషిని జెసప్ ఆజ్ఞ మీద పట్టుకున్నారని అందులో లేదు. మూడు నెలలకే, 1838 జనవరి 30న, ఆయన చార్ల్‌స్టన్ కోటలో ఖైదీగా చనిపోయాడనీ, వైద్యం చేసిన డాక్టరే తల కోసి దాచుకున్నాడనీ చిన్నపిల్లలకు చెప్పక్కర్లేదు, ఒప్పుకుంటాను. తెల్లజెండా సంగతి మాత్రం చెప్పాలి. ఆ ముక్క మా అమ్మాయి చేత నేనే రాయించాను.

నా దృష్టిలో ఓసియోలా కన్నా అబియాకా పెద్ద మనిషి. తెల్లవాళ్లు ఆయన్ని శామ్ జోన్స్ అనేవారు. వయసు మీద పడినవాడు, మందూ మంత్రం తెలిసిన పెద్ద. 1835లో తరలింపుకి ఒప్పుకోమంటే కుదరదన్న ఐదుగురు పెద్దల్లో ఒకడు. ఆ ఐదుగురి పేర్లూ ప్రభుత్వ ఏజెంటు నాయకుల జాబితా నుంచి కొట్టేశాడు. 1837 డిసెంబరు 25న ఓకీచోబీ సరస్సు దగ్గర ఈయన మనుషులు ఒక చెట్ల దిబ్బ మీద కాచుకుని ఉన్నారు. ఎదురుగా రంపపు గడ్డి, మోకాళ్లలోతు బురద. తుపాకీ గురికి అడ్డం లేకుండా గడ్డి ముందే కోసి పెట్టుకున్నారు, తుపాకీ ఆనించుకోడానికి చెట్లకు గాట్లు కొట్టుకున్నారు. జాకరీ టేలర్ తన సైన్యాన్ని ఆ బురదలోంచి నేరుగా నడిపించాడు. 26 మంది పోయారు, 112 మందికి గాయాలు. సెమినోల్‌లలో పోయినవాళ్లు పదకొండు మంది. టేలర్ గెలిచానని ప్రకటించుకున్నాడు, ప్రమోషన్ వచ్చింది, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. అబియాకా మాత్రం చివరిదాకా ఓడ ఎక్కలేదు, ఫ్లోరిడాలోనే పోయాడు.

టాంపా బే ముఖద్వారంలో ఎగ్‌మాంట్ కీ అని చిన్న దీవి ఉంది. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఫెర్రీలో తీసుకెళ్లాం. అందరూ గవ్వలు ఏరుకోడానికి, ఈత కొట్టడానికి వస్తారు. తెల్లటి లైట్‌హౌస్, ఇటుకలు పరిచిన పాత రోడ్లు, వాటి మీద తీరిగ్గా నడిచే తాబేళ్లు. తాగడానికి నీళ్లు దొరకవు, నీడ కూడా తక్కువే. మూడో సెమినోల్ యుద్ధం చివర, 1857-58లో, పట్టుబడ్డ సెమినోల్‌లను ఓడ వచ్చేదాకా ఉంచింది ఇక్కడే అని చెప్పాను. మామగారు నడక ఆపేసి అటూ ఇటూ చూశారు.

"ఆడవాళ్లు, పిల్లలు కూడానా అమ్మా?"

"ఎక్కువమంది వాళ్లే మామయ్యగారూ."

"ఇక్కణ్ణించి ఎటు?"

న్యూ ఆర్లియన్స్‌కి, అక్కణ్ణించి మిసిసిపీ మీదుగా పైకి, ఇప్పటి ఓక్లహోమాకి అన్నాను. ఇసుక మీద ఎండ కళ్లలోకి కొడుతోంది. ఆయన చేతిలో ఉన్న గవ్వల సంచి మా అమ్మాయికి ఇచ్చేసి, ఆ తర్వాత ఒక్కటి కూడా ఏరలేదు.

అప్పుడు ఆయనకి పాలీ పార్కర్ అనే సెమినోల్ ఆవిడ కథ చెప్పాను. 1858 మే నెలలో గ్రే క్లౌడ్ అనే ఓడలో సుమారు 160 మందిని ఎక్కించారు, సెమినోల్ నాయకుడు బిల్లీ బోలెగ్స్ కూడా అందులోనే. ఓడ కట్టెల కోసం సెయింట్ మార్క్స్ దగ్గర ఆగింది. ఆమె మరికొందరితో కలిసి ఒడ్డుకి దిగి అడవిలో పడింది. రాష్ట్రం ఉత్తరాన ఆ మూల నుంచి ఓకీచోబీ దాకా, వందల మైళ్లు, దొరక్కుండా నడుచుకుంటూ ఇల్లు చేరింది. అప్పటికి ఫ్లోరిడాలో మిగిలింది రెండు మూడు వందల మంది. ఇప్పటి తెగలో చాలామంది తాము ఆమె సంతతి అని చెప్పుకుంటారు. అదే దీవిలో తర్వాత కట్టిన కోటకు ఎవరి పేరు పెట్టారో తెలుసా? మేజర్ డేడ్ పేరు. టాంపా నుంచి బయల్దేరిన నూరు మందికి పైగా సైనికులతో పాటు 1835 డిసెంబరు 28న సెమినోల్‌ల చేతిలో చనిపోయిన ఆయనే. మయామీ-డేడ్ కౌంటీ కూడా ఆయన పేరే. పాలీ పార్కర్ పేరు మీద ఒక కౌంటీ చూపించండి.

ఇక్కడి మనవాళ్లతో ఈ మాటెత్తితే వచ్చే ప్రశ్న ఒకటే: "ఆ కాసినో వాళ్లేనా?" అవును, వాళ్లే. 1957లో తెగగా గుర్తింపు తెచ్చుకున్నారు, 2007లో హార్డ్ రాక్ అనే హోటళ్లు, కాసినోల సంస్థను కొన్నారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి గిటార్ ఆకారపు హోటల్ చూపించి ఫోటోలు తీసుకునే ముందు, వీళ్లు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టకుండానే ఇక్కడ మిగిలారని కూడా చెప్పండి.

ఓక్లహోమా చేరినవాళ్లని మాత్రం ఓడినవాళ్ల లెక్కలో వేయకండి. సెయింట్ అగస్టీన్ కోట జైలు నుంచి 1837లో తప్పించుకున్న సెమినోల్ నాయకుడు కోవాకూచీ, నల్లజాతి సెమినోల్‌ల నాయకుడు జాన్ హార్స్, ఇద్దరూ అక్కడికి చేరినవాళ్లే. అక్కడ కూడా బానిసల వేటగాళ్లు వెంటబడుతుంటే, 1849లో తమవాళ్లని తీసుకుని బయల్దేరి, టెక్సాస్ దాటి మెక్సికో వెళ్లారు. అక్కడ బానిసత్వం అప్పటికే రద్దయింది. సరిహద్దు కాపలా కాస్తామని భూమి తీసుకున్నారు. జాన్ హార్స్ వెంట నడిచిన నల్లవాళ్ల సంతతి కోవావీలా రాష్ట్రంలోని నాసిమియెంతోలో ఈరోజుకీ ఉంది.