మైదానం ముచ్చట్లు: 1916లో ఆటలు ఆగిపోయాయా?

ప్రశ్న: 1912లో స్టాక్‌హోమ్‌లో జరిగినవి అయిదో ఒలింపిక్స్, 1920లో ఆంట్‌వెర్ప్‌లో జరిగినవి ఏడోవి అని మా అబ్బాయి జి.కె. పుస్తకంలో ఉంది. మరి ఆరోవి ఏమయ్యాయి? అచ్చుతప్పా? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. ఆరోవి 1916లో బెర్లిన్‌లో జరగాలి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జరగలేదు. అయినా నంబరు వాటికే ఉంచేశారు. నంబరు వేసేది ఒలింపియాడ్‌కి. ఒలింపియాడ్ అంటే అసలు పోటీలు కాదు, నాలుగేళ్ళ కాలం. మనం ఉగాది పచ్చడి తిన్నా తినకపోయినా కొత్త సంవత్సరం రాక మానదు కదా, ఇదీ అంతే. 1940, 1944లో కూడా పోటీల్లేవు, కానీ 12, 13 నంబర్లు ఆ ఏళ్ళకే ఉన్నాయి. శీతాకాల ఒలింపిక్స్‌కి మాత్రం ఈ లెక్క లేదు. అక్కడ 1936వి నాలుగోవి, 1948వి అయిదోవి. మీ అబ్బాయికి క్విజ్‌లో ఎప్పుడైనా పనికొస్తుంది, చెప్పండి.

బెర్లిన్ వాళ్ళు మూడేళ్ళు ముందే స్టేడియం కట్టేసుకున్నారు. 1913 జూన్ 8న జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ వచ్చి దాన్ని ప్రారంభించాడు. ఆ స్టేడియం ఒక్క ఒలింపిక్స్ కూడా చూడలేదు. తర్వాత దాన్ని కూల్చి, అదే చోట 1936 పోటీలకు కొత్తది కట్టారు.

ప్రశ్న: ఏ ఆట చరిత్ర చదివినా "1915 నుంచి 1918 దాకా యుద్ధం వల్ల జరగలేదు" అనే ఉంటోంది. ఆ నాలుగేళ్ళూ ప్రపంచంలో ఎవరూ ఏమీ ఆడలేదా మాస్టారూ? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: బాబూ, నువ్వు చదివింది యూరప్ చరిత్ర. అక్కడివరకు అది నిజమే. వింబుల్డన్ టెన్నిస్ లేదు, టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు లేదు, కౌంటీ క్రికెట్ లేదు. ఆటగాళ్ళే పోయారు. 1910 నుంచి 1913 దాకా వరసగా నాలుగుసార్లు వింబుల్డన్ గెలిచిన న్యూజీలాండ్ వాడు టోనీ వైల్డింగ్, 1909లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఫ్రాన్సువా ఫేబర్, ఇద్దరూ 1915 మే 9న, ఒకే రోజున ఉత్తర ఫ్రాన్స్‌లో చనిపోయారు. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నేను నమ్మలేక తేదీలు మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను.

కానీ ప్రపంచం అంటే యూరప్ ఒక్కటే కాదు. అది చెప్పడానికి నేను ఎప్పుడూ వరసగా వచ్చే రెండు రోజుల్ని తీసుకుంటాను.

1916 జూలై 1, ఉదయం ఏడున్నర. ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైంది. బ్రిటిష్ సైన్యంలోని ఈస్ట్ సర్రే రెజిమెంట్‌లో కెప్టెన్ నెవిల్ అనే కుర్ర ఆఫీసరు తన మనుషులకి ఫుట్‌బాల్స్ ఇచ్చాడు. కందకం దాటగానే బంతిని తన్నుకుంటూ జర్మన్ల వైపు పరుగెత్తాలి. ఒక బంతి మీద "రెఫరీ లేడు" అని రాసి ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా చేశాను కాబట్టి ఆ రకం తోలు బంతి నా చేతులకి బాగా తెలుసు. బ్లాడర్ లోపల పెట్టి, గాలి కొట్టి, దాని మూతిని దారంతో బిగించి, మడిచి లోపలికి తోసి, పైన లేసు అల్లాలి. లేసు సరిగ్గా బిగించకపోతే హెడ్ చేసిన పిల్లాడి నుదురు గీసుకుపోయేది. పిల్లల్లో భయం పోగొట్టడానికి నేనూ ఎన్నోసార్లు బంతినే ముందు పడేశాను. నెవిల్ చేసిందీ అదే అని నాకు అనిపిస్తుంది, తన వాళ్ళకి టెన్షన్ తగ్గించడానికి. ముళ్ళతీగ దగ్గరే అతను చనిపోయాడు. అతని వయసు 21. ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది పోయారు.

మర్నాడు, జూలై 2న, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఉరుగ్వే, చిలీ ఫుట్‌బాల్ ఆడాయి. అర్జెంటీనా స్వాతంత్ర్యానికి నూరేళ్ళయిన సందర్భంగా నాలుగు దేశాలకు పెట్టిన టోర్నీ అది. ఇప్పుడు మనం తెల్లవారుజామున లేచి చూసే కోపా అమెరికాకి తొలి మ్యాచ్ అదే. ఉరుగ్వే 4-0తో గెలిచింది. అందులో రెండు గోల్స్ ఇసబెలీనో గ్రాదీన్‌వి. నల్లజాతి కుర్రాడు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వంశం, ఇంకా ఇరవై నిండలేదు. ఓడిన చిలీ వాళ్ళు, ఉరుగ్వే ఇద్దరు ఆఫ్రికన్లను ఆడించింది, ఫలితం రద్దు చేయాలని పట్టుబట్టారు. రెండోవాడు హువాన్ దెల్గాదో. ఇద్దరూ ఉరుగ్వే వాళ్ళే. ఫలితం మారలేదు. టోర్నీలో ఎక్కువ గోల్స్ చేసింది కూడా గ్రాదీనే, మూడు. చివరి మ్యాచ్ రోజు జనం పట్టక గొడవై, స్టాండ్స్ తగలబెట్టారు. మర్నాడు ఇంకో మైదానంలో ఆడితే 0-0, పాయింట్ల మీద ఉరుగ్వే ఛాంపియన్. దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టిందీ ఆ టోర్నీ మధ్యలోనే, జూలై 9న.

జపాన్‌లో హైస్కూల్ పిల్లల బేస్‌బాల్ టోర్నమెంట్ అంటే ఇప్పటికీ దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. అది మొదలైంది 1915 ఆగస్టులో. తూర్పు ఆసియా దేశాల పోటీలైన ఫార్ ఈస్టర్న్ గేమ్స్ 1915లో షాంఘైలోనూ, 1917లో టోక్యోలోనూ జరిగాయి. అమెరికాలో 1916లో అన్నీ మామూలుగానే సాగాయి. వాళ్ళు యుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్‌లో.

కాబట్టి "ఆటలు ఆగిపోయాయి" అని ఎక్కడైనా చదివితే, ఎక్కడ ఆగాయి అని ఒకసారి అడుగు బాబూ. గ్రాదీన్ లాంటివాళ్ళు మన పుస్తకాల్లో లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: ఆ యుద్ధకాలంలో మన తెలుగువాళ్ళు ఎవరైనా పెద్ద స్థాయిలో ఆడారా? (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: ఆడారండీ. పది లక్షలకు పైగా భారతీయులు సముద్రం దాటి యుద్ధానికి వెళ్ళిన ఆ రోజుల్లోనే బొంబాయి క్వాడ్రాంగ్యులర్ క్రికెట్ టోర్నీ సాగింది. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు, నాలుగు జట్లు. మద్రాసులో యూరోపియన్లకీ భారతీయులకీ మధ్య మ్యాచ్ పెట్టాలన్నది అక్కడ భారతీయుల క్రికెట్‌కి పునాది వేసిన బుచ్చిబాబు నాయుడుగారి కోరిక. ఆయన 1908లోనే కన్నుమూశారు. ప్రెసిడెన్సీ మ్యాచ్ అని పిలిచే ఆ పోటీ 1915-16లో చెపాక్‌లో జరిగింది.

ఇక అసలు పేరు చెబుతాను. 1916 క్వాడ్రాంగ్యులర్‌లో హిందూ జట్టు యూరోపియన్ల మీద 79 పరుగులకి ఏడు వికెట్లు పోగొట్టుకుని ఉంది. అప్పుడు నాగపూర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడొకడు తొమ్మిదో నంబరులో బ్యాట్ పట్టుకుని వచ్చాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అదే మొదటి మ్యాచ్. మూడు బంతులు ఆపాడు. నాలుగోది సిక్సర్ కొట్టాడు. ఆయనే కొట్టారి కనకయ్య నాయుడు, మన సి.కె. పదహారేళ్ళ తర్వాత లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకి కెప్టెన్ ఆయనే.