మర్చిపోవాలని పట్టుబట్టినంత కాలం ఆ జ్ఞాపకం నన్ను వదల్లేదు

మనసంతా చెత్త పేరుకుపోయినట్టుంది, ఎప్పుడో జరిగినవే తిరిగి తిరిగి గుర్తొస్తున్నాయి, పనికిరాని జ్ఞాపకాలను వదిలించుకునేదెలా అని అడిగారు. నేను ఇలాంటి ఒక్క జ్ఞాపకంతో ఏడేళ్లు అవస్థపడ్డాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మర్చిపోయే కిటుకు మాత్రం నా దగ్గర లేదు. ఉందని ఎవరైనా చెప్పినా నమ్మకండి.

నాది పైకి చూస్తే చాలా చిన్న విషయం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక మీటింగులో నేను చూపించిన లెక్కల్లో తప్పు బయటపడింది. పై అధికారి అందరి ముందూ "ఈ మాత్రం చేతకాకపోతే ఎలా?" అన్నారు. చుట్టూ నవ్వులు. నేను తల దించుకుని కూర్చున్నాను. జరిగింది అంతే. కానీ ఆ రోజు నుంచి స్నానం చేస్తున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, నిద్ర పట్టబోయే ముందైనా అదే గది, అదే మాట. ప్రతిసారీ మనసులో ఆయనకు గట్టిగా జవాబు చెప్పేదాన్ని. రోజుకో కొత్త జవాబు. ఏదీ ఆయనకు చేరేది కాదు కాబట్టి ఏదీ ఆఖరిది అయ్యేది కాదు.

"దాని గురించి ఆలోచించడం మానెయ్" అనేవారు ఇంట్లో. ప్రేమతోనే అనేవారు. కానీ మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త దీన్ని 1987లో ప్రయోగం చేసి చూపించారు. తెల్ల ఎలుగుబంటిని అయిదు నిమిషాల పాటు తలచుకోవద్దని, తలపుకొస్తే గంట కొట్టమని కొందరికి చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా, ఆ తర్వాత దాని గురించి ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్లకంటే అణచిపెట్టుకున్నవాళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. రాకుండా ఉందో లేదో చూసుకోవాలన్నా మనసు ముందు దాన్నే వెతకాలి కదా.

ఇలా తిప్పి తిప్పి ఆలోచించడాన్ని మనస్తత్వశాస్త్రంలో రూమినేషన్ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో నెమరు వేయడమే. మనం కూడా జ్ఞాపకాలను నెమరు వేసుకోవడం అంటాం. పశువు నెమరేస్తే మేత అరుగుతుంది. నేను ఏడేళ్లు నెమరేసినా ఒక్క పరక అరగలేదు.

మార్పు అనుకోకుండా వచ్చింది. ఆ మీటింగులో నా పక్కన కూర్చున్న సహోద్యోగి చాలా కాలం తర్వాత ఒక పెళ్లిలో కలిసింది. ధైర్యం చేసి ఆ రోజు సంగతి ఎత్తాను. కాసేపు ఆలోచించి, "అవును, ఆయన ఏదో అన్నారు, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయాం. అయినా నవ్వింది ఎవరే?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తాయి. బహుశా అవి నేను చేర్చుకున్నవే.

జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో లాంటిది కాదని నాకు అప్పుడు అర్థమైంది. 2000లో ఎలుకల మీద చేసిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో, గుర్తుకొచ్చిన జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి వస్తుందని తేలింది. మనిషి విషయంలో ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ వేరు. తలచుకున్న ప్రతిసారీ కొంచెం కొత్తగా అల్లుకుంటామన్నది మాత్రం నా అనుభవం. కోపంతో తలచుకుంటే కోపమే కలిసిపోతుంది.

ఆ తర్వాత కాగితం, పెన్ను తీసుకున్నాను. జేమ్స్ పెనెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది: వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును బాధించిన సంఘటన గురించి ఆపకుండా రాయడం. అక్షరదోషాలు చూసుకోనక్కర్లేదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. మొదటి రోజు రాశాక ఇంకా దిగులేసింది. ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకూ రాసిన వెంటనే బాధ పెరిగిందట, కాబట్టి మీకు అలా అయితే భయపడకండి. మొదటి రెండు రోజులూ ఆ అధికారిని తిడుతూనే రాశాను. మూడో రోజు నా చేతి నుంచి ఒక వాక్యం వచ్చింది: "ఆ అంకె తప్పని నాకు ముందు రోజు రాత్రే అనుమానం వచ్చింది, అయినా అడగడానికి భయపడ్డాను."

ఏడేళ్లుగా నేను జవాబు చెప్పాలనుకున్నది ఆయనకు కాదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మళ్లీ మళ్లీ వచ్చే జ్ఞాపకాన్ని తరమకండి, అందులో ఇంకా మిగిలిపోయిన పని ఏమిటో చూడండి. క్షమాపణ అడగాలా, బాకీ తీర్చాలా, ఒప్పుకోవాలా, నేర్చుకోవాలా? నా విషయంలో రెండున్నాయి. ఆయనకు జవాబు చెప్పడం ఇక కుదరని పని, కుదరదని కాగితం మీదే రాసేశాను. తెలియనప్పుడు తెలియదని అడగడం మాత్రం చేయగలిగిన పని. తర్వాతి నెల ఇంకో మీటింగులో "ఈ అంకె మీద నాకు అనుమానం ఉంది, సరిచూసి రేపు చెబుతాను" అన్నాను. గొంతు వణికింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆ పాత గది నాకు గుర్తు రాలేదు. చేయాల్సిన పనికి ఎప్పుడు, ఎలా అన్నది స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, అది పూర్తికాకముందే మనసును పీకడం తగ్గుతుందని మాసికాంపో, బామీస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించారు.

రాసిన కాగితాన్ని తగలబెట్టమని చాలామంది చెబుతారు. నేనూ తగలబెట్టాను, ఏమీ కాలేదు. రష్యన్ మనస్తత్వవేత్త లూరియా దశాబ్దాల పాటు గమనించిన షెరెషెవ్‌స్కీ అనే ఆయనకు దాదాపు ఏదీ మరుపు వచ్చేది కాదు. మర్చిపోదామని అంకెలను కాగితం మీద రాసి కాల్చితే, కాలిన మసి మీద కూడా అవే అంకెలు కనిపించాయట. మేలు చేసేది రాయడం. కాల్చడం మీ ఇష్టం.

కట్టాల్సిన బిల్లు, చేయాల్సిన ఫోను లాంటి రోజువారీ చిల్లర ఆలోచనలకు ఇంత అవసరం లేదు. పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపటి పనులు రాసుకోండి. 2018లో 57 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

పోయిన మనుషుల జ్ఞాపకాలను మాత్రం దయచేసి ఈ చెత్త లెక్కలో వేయకండి. అవి బాధపెట్టినా మనవే. ఇంకో సంగతి. హింస, ప్రమాదం, లైంగిక దాడి లాంటివి కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టే అనిపిస్తుంటే, పీడకలలు నిద్ర పాడుచేస్తుంటే, ఒంటరిగా కూర్చుని రాయడం సరైన దారి కాదు. అలాంటివాటికి ప్రత్యేకమైన చికిత్సలున్నాయి, అవి పనిచేస్తాయి. సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి.

ఆ మీటింగు నాకు ఇప్పటికీ ఏడాదికి రెండు మూడు సార్లు గుర్తొస్తుంది. వచ్చినప్పుడు రానిస్తాను. బల్ల, కిటికీ, నా చేతిలో కాగితం కనిపిస్తాయి. అన్నేళ్లు తయారుచేసుకున్న ఆ జవాబుల్లో ఒక్కటీ గుర్తులేదు.