క్యాప్ పగిలితే ముందు లోపలి వైపు చూడు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

‘పంటికి క్యాప్ అతికించే సిమెంట్ ఏదైతేనేం, క్యాప్ గట్టిదైతే చాలు కదా’ అని అడిగావు. గాజు లేని గట్టి సెరామిక్ అయిన జిర్కోనియాకైతే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. గాజు కలిసిన పింగాణీకి చెల్లదు.

పింగాణీ నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. రోగి కొరికినప్పుడు నొక్కుడు పైన పడితే, లాగుడు సిమెంట్ తగిలే లోపలి ముఖం మీద పడుతుంది. యంత్రంతో చెక్కే మిల్లింగ్‌లోనో, ల్యాబ్ సర్దుబాట్లలోనో అక్కడ మిగిలిన సన్నని గీతల్లోంచే చాలా పగుళ్ళు మొదలవుతాయి. రెసిన్ సిమెంట్ (ప్లాస్టిక్ జాతి జిగురు) ఆ గీతల్లోకి దిగి గట్టిపడితే అవి నోరు తెరవవు, తేమ కూడా చేరదు. తేమ తగిలిన గాజులో పగులు మెల్లగా పాకుతుందని మరిచిపోకు.

గాజు ఎక్కువగా ఉన్న ఫెల్డ్‌స్పాథిక్ పింగాణీ వంపు బలం (వంచితే విరగకుండా ఓర్చుకునే శక్తి) 60–100 మెగాపాస్కల్స్, గాజులో స్ఫటికాలు నిండిన లిథియం డైసిలికేట్‌ది 400 దరిదాపు, 3వై (3 మోల్ శాతం యిట్రియా కలిపిన) జిర్కోనియాది 900 పైమాటే. అయినా చేతిలో చిటుక్కున విరిగే పలుచని వెనీర్ (పంటి ముందు వైపు అతికించే పింగాణీ పెంకు) పంటి పై పొర ఎనామెల్‌కు సరిగా అంటుకున్నాక ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దాని బలంలో సగం అతుకుదే.

ట్రై-ఇన్ (అతికించకుండా పంటికి పెట్టి చూడడం) ముందు కానిచ్చెయ్, అప్పుడు మాత్రం రోగిని కొరకనివ్వకు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఎచింగ్ (పింగాణీ లోపలి ముఖాన్ని గరుకు చేయడం) ఆ తర్వాతే చేస్తే లాలాజలం మరక గొడవ ఉండదు. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం ఆమ్లం, 20 సెకన్లు. ఫెల్డ్‌స్పాథిక్‌కు ఇంకా ఎక్కువసేపు పడుతుంది, తయారీదారు చెప్పిన సమయమే పాటించు. ‘ఇంకాస్త ఉంచితే ఇంకాస్త పట్టు’ అనుకోవద్దు, ఎక్కువ తినేస్తే పింగాణీయే బలహీనపడుతుంది. కడిగాక తెల్లని పొడి కనిపిస్తే అది ఎచింగ్‌లో పుట్టిన లవణం. స్వేదన జలంలో, అల్ట్రాసోనిక్‌లో 5 నిమిషాలు పెడితే పోతుంది. దాన్ని వదిలేస్తే సిమెంట్ పింగాణీకి కాదు, పొడికి అంటుకుంటుంది. ఈ ఆమ్లాన్ని నోట్లో వాడకు. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, ఆమ్లం చర్మానికి తగిలితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకో.

తర్వాత సైలేన్, పింగాణీని రెసిన్‌కు కలిపే ద్రవం. పలుచగా ఒక పూత రాసి, 60 సెకన్లు ఆగి, గాలితో బాగా ఆరబెట్టు. సీసాలో ద్రవం పాలలా మసకబారితే ఎంత ఖరీదైనా పారెయ్. పాడైన సైలేన్ చూపుకు పనిచేసినట్టే ఉంటుంది, మోసం నెలల తర్వాత బయటపడుతుంది.

పంటి వైపు తేమ చేరకుండా రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే రబ్బరు పొర) కట్టు. తాత్కాలిక సిమెంట్‌లో యూజెనాల్ (లవంగ నూనెలోని పదార్థం) ఉంటే రెసిన్ సరిగా గట్టిపడదు, కాబట్టి ముందునుంచే యూజెనాల్ లేనిది వాడు.

వెనీర్లకు లైట్-క్యూర్ (వెలుతురుతో గట్టిపడే సిమెంట్) చాలు. మందం 2 మిల్లీమీటర్లు దాటినా, పింగాణీ వెలుతురు చొరనివ్వనిదైనా డ్యుయల్-క్యూర్ (వెలుతురుతోనూ, దానంతటదిగానూ గట్టిపడేది) తీసుకో. సిమెంట్ పొర పలుచగా ఉండాలి. మందపాటి సిమెంట్ పింగాణీ కింద పరుపులా కుంగుతుంది, పింగాణీ వంగి పగులుతుంది. ఫిట్ సరిగా లేని క్యాప్‌ను సిమెంట్‌తో నింపేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని ల్యాబ్‌కు తిప్పి పంపాలి. మెల్లగా కూర్చోబెట్టి, 2–3 సెకన్లు లైట్ పెట్టి, అదనపు సిమెంట్ తీసి, ఫ్లాస్ పోనిచ్చి, గాలి తగలకుండా అంచులకు గ్లిజరిన్ జెల్ రాసి, ప్రతి వైపూ 20–40 సెకన్లు క్యూర్ చెయ్.

జిర్కోనియాలో గాజు లేదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాన్ని కొరకదు. 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని 2 బార్ల పీడనం దాటకుండా గాలితో చల్లి, ఎండీపీ (జిర్కోనియాను పట్టుకునే ఫాస్ఫేట్ అణువు) ఉన్న ప్రైమర్ రాయి. లాలాజలం అంటితే ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడగొద్దు: ఎండీపీ కూర్చోవాల్సిన చోట ఫాస్ఫేట్ కూర్చుంటుంది. పంటి ఎత్తు, గోడల వాలు బాగుంటే రెసిన్ కలిసిన జీఐసీ (గ్లాస్ అయోనమర్ సిమెంట్) సరిపోతుంది.

బైట్ (పళ్ళు కలిసే తీరు) సర్దడం సిమెంట్ పూర్తిగా గట్టిపడ్డాకే, నీటితో, సన్నని డైమండ్ బర్‌తో. ఆ చోట పాలిష్ చేయడం మానకు.

ఎప్పుడైనా ఒకటి ఊడిందా, ముక్కలు పారేయకు. పింగాణీ శుభ్రంగా ఊడి సిమెంట్ పంటి మీదే మిగిలితే తప్పు ఎచింగ్‌లోనో, సైలేన్‌లోనో ఉంది. సిమెంటంతా పింగాణీతో వచ్చేస్తే తప్పు పంటి వైపు జరిగింది.